నేర్పడమూ వైద్యమే: ముదిరిన క్యాన్సర్‌తో బతుకుతున్నవారి పక్షాన నర్సుల ఉద్యమ ప్రణాళిక

మేము నర్సులం. క్యాన్సర్ వార్డుల్లో, కీమో డే కేర్‌లలో, జిల్లా ఆస్పత్రుల పాలియేటివ్ (బాధా ఉపశమన) విభాగాల్లో, పల్లె దవాఖానాల్లో డ్యూటీ చేస్తున్నవాళ్ళం. మాలో రిటైరైన పెద్దక్కలున్నారు, ఈమధ్యే రిజిస్ట్రేషన్ చేయించుకున్న పిల్లలున్నారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మేం చూస్తున్న ఒక లోటును ఇక చూస్తూ ఊరుకోలేక ఈ ఉద్యమం మొదలుపెడుతున్నాం. దీనికి పేరు మొదటి మహాసభలో అందరం కలిసి పెట్టుకుంటాం. ముందు పని ఏమిటో చెప్పుకుందాం.

1. ఈ ఉద్యమం ఎందుకు

ముదిరిన క్యాన్సర్ విషయంలో మన ఆస్పత్రుల్లో ఎక్కువగా వినబడేవి రెండే మాటలు. ‘ఏం ఫర్వాలేదు, తగ్గిపోతుంది’ అనేది మొదటిది. ‘ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్ళండి’ అనేది రెండోది. ఈ రెండు మాటల మధ్య నెలలుంటాయి, ఒక్కోసారి ఏళ్ళుంటాయి. రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకిన తర్వాత కూడా ఏళ్ళ తరబడి వంట చేసుకుంటూ, పిల్లల్ని బడికి పంపుకుంటూ బతుకుతున్న ఆడవాళ్ళు మా ఓపీల్లో ఉన్నారు. శ్రీకాకుళం, విశాఖ తీరంలో చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగి అంగిలి క్యాన్సర్ తెచ్చుకున్న అవ్వలు, గుట్కా నమిలి దవడ పోగొట్టుకున్న ఆటో డ్రైవర్లు, గొంతులో గొట్టంతోనే పొలం గట్టున కూర్చుని కూలీలకు పని పురమాయించే రైతులు ఉన్నారు. వాళ్ళు బతుకుతున్నారు. ఆ బతుకును ఎలా గడపాలో చెప్పేవాళ్ళే కరువు.

మూడు వారాలకోసారి కీమోకి వచ్చే రోగి లెక్క చూడండి. 21 రోజులంటే 504 గంటలు. అందులో ఆస్పత్రిలో గడిచేది ఒక పగలు, డాక్టరుగారి ఎదుట గడిచేది కొద్ది నిమిషాలు. మిగతా గంటలన్నీ ఇంట్లోనే. అర్ధరాత్రి నొప్పి లేచినప్పుడు, జ్వరం తగిలినప్పుడు, గొట్టం మూసుకుపోయినప్పుడు ఏం చేయాలో నిర్ణయించేది రోగి, లేదా పక్కన పడుకున్న భార్య, కొడుకు, కోడలు. జబ్బు భారం మోస్తున్నదీ, మంచీచెడ్డా తేల్చుకుంటున్నదీ వాళ్ళే. ఆ పని ఎలా చేయాలో మాత్రం వాళ్ళకెవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో చేతిలో పెట్టి పంపించాం.

నేర్పవలసింది మేమే. నేర్పడానికి మాకు సమయం లేదు, చోటు లేదు, పోస్టు లేదు, రిజిస్టరులో ఒక గడి కూడా లేదు. ఎన్ని సెలైన్లు ఎక్కించామో లెక్క ఉంటుంది. ఎంతమందికి మార్ఫిన్ వాడకం నేర్పామో ఎవరూ అడగరు. ఈ లెక్క మారాలన్నదే మా ఉద్యమం.

2. మేం నమ్ముతున్నది

స్వీయ నిర్వహణ అంటే రోగి తన జబ్బు తీరు తెలుసుకుని, రోజువారీ బాధలను తన చేతనైనంత వరకు తానే అదుపులో పెట్టుకుని, ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు ఫోన్ చేయాలో, ఎప్పుడు పరుగెత్తాలో ఎరిగి ఉండడం. షుగరు రోగి ఇన్సులిన్ తానే వేసుకోవడం ఇవాళ ఎవరికీ వింత కాదు. క్యాన్సర్ రోగి దగ్గరికొచ్చేసరికి అతణ్ణి మంచం మీద పడుకోబెట్టి, అతని తరఫున అందరూ మాట్లాడేస్తున్నారు.

దీర్ఘకాలిక జబ్బుతో బతికేవాళ్ళకు మూడు రకాల పని ఉంటుందని అమెరికా పరిశోధకులు కార్బిన్, స్ట్రాస్ 1980లలో వివరించారు. మందులూ చికిత్సా చూసుకోవడం ఒకటి, సంసారంలో తన పాత్రను నిలబెట్టుకోవడం రెండు, తన జీవిత కథ మధ్యలో మలుపు తిరిగినందుకు మనసును సమాధానపరచుకోవడం మూడు. జూలియట్ కార్బిన్ స్వయంగా నర్సు. మన ఆస్పత్రులు మొదటి పనినే అరకొరగా పట్టించుకుంటాయి. కూతురి పెళ్ళి చూసుకోవాలన్న తండ్రి ఆరాటం, భర్తకు వండిపెట్టలేకపోతున్నానన్న ఇల్లాలి దిగులు కేసు షీటులోకి ఎక్కవు. నర్సు చెవిన మాత్రం రోజూ పడతాయి. ఆధునిక హాస్పిస్ (చివరి దశ రోగుల సేవాకేంద్రాల) ఉద్యమానికి మూలమైన సిసిలీ సాండర్స్ నర్సుగానే మొదలై, తర్వాత సోషల్ వర్కరై, ఆపైన డాక్టరయ్యారు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచారు. నొప్పిలో శరీరం, మనసు, సంసారం, ఆత్మ నాలుగూ కలిసి ఉంటాయని ఆమె బోధించింది రోగుల పక్కన కూర్చుని విన్నదాన్నుంచే.

రోగులకు ఇలా నేర్పడం మంచి మనసుతో చేసే దానధర్మం కాదనీ, ఫలితమిచ్చే వైద్యమనీ నిరూపించిన పరిశోధనలున్నాయి. మేరీ బకిటాస్ అనే నర్సు నాయకత్వంలో అమెరికా పల్లె ప్రాంతాల్లో ముదిరిన క్యాన్సర్ రోగులకు నర్సులు ఫోన్‌లోనే పాఠాలు చెప్పారు. 322 మందితో జరిగిన ఆ అధ్యయనం 2009లో వెలువడింది. రోగుల జీవన నాణ్యత, మనోస్థితి మెరుగుపడ్డాయి. ఆస్పత్రిలో గడిపే రోజులు మాత్రం తగ్గలేదు. కాబట్టి ఖర్చు తగ్గుతుందన్న ఆశ చూపి మేం ఈ పనికి మద్దతు అడగడం లేదు. న్యూయార్క్‌లో మరో అధ్యయనం జరిగింది. 766 మంది రోగుల్లో కొందరు తమ బాధలను ఇంటి నుంచే నమోదు చేసేవారు, అవి ముదిరితే నర్సులకు కబురు అందేది. మామూలు పద్ధతిలో చూసినవారి మధ్యస్థ ఆయుష్షు 26 నెలలైతే, ఇలా చూసుకున్నవారిది 31 నెలలని 2017లో ప్రకటించారు. ఏ కొత్త మందో అయిదు నెలలు ఆయుష్షు పెంచితే పేపర్లలో మొదటి పేజీ వార్త అవుతుంది. ఇక్కడ పనిచేసింది రోగి చెప్పిన మాటా, దాన్ని విన్న నర్సూ.

3. ఏం నేర్పాలి

మొదటిది నొప్పి మందు. మార్ఫిన్ అంటే చావు ముందు ఇచ్చే మందనీ, అలవాటైపోతుందనీ ఇంటిల్లిపాదికీ భయం. ఆ భయంతో మాత్రలు గూట్లో దాచి, రోగి కేకలు పెట్టినప్పుడు ఒకటి ఇస్తారు. మేం చెప్పవలసింది ఇది: మామూలు మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలే పనిచేస్తుంది. అందుకే నొప్పి లేచేదాకా ఆగకుండా గడియారం చూసి వేసుకోవాలి. రాత్రి నిద్ర చెడకుండా పడుకునే ముందు మోతాదు ఎలా సర్దుకోవాలో డాక్టరు చీటీలో ఉంటుంది, అది చదివి వివరించాలి. మధ్యలో నొప్పి పొడుచుకొస్తే వేసుకునే అదనపు మోతాదు ఏదో చూపించాలి. మొదట్లో మగతా వికారమూ ఉంటాయి, కొద్ది రోజుల్లో తగ్గుతాయి. మలబద్ధకం మాత్రం తగ్గదు, కాబట్టి విరేచనాల మందు మొదటి రోజునుంచే మొదలుకావాలి. చాలామంది మార్ఫిన్ మానేసేది నొప్పి తగ్గక కాదు, నాలుగు రోజులు కడుపు బిగుసుకుపోయినందుకు. ఈ ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే ఎన్ని రాత్రులు ప్రశాంతంగా గడిచేవో మాకు తెలుసు.

రెండోది ప్రమాద సూచనలు. కీమో తీసుకున్న తర్వాత జ్వరం 100.4 డిగ్రీలు దాటితే పారాసిటమాల్ వేసుకుని తెల్లారేదాకా చూడకూడదు, వెంటనే ఆస్పత్రికి రావాలి. క్యాన్సర్ వెన్నెముకకు పాకిన మనిషికి నడుం నొప్పి ఒక్కసారిగా పెరిగినా, కాళ్ళు మొద్దుబారినా, మూత్రం బిగిసినా అదే రోజు రావాలి. ఆలస్యమైతే పోయిన నడక మళ్ళీ రావడం కష్టం. ప్రతి ఇంట్లో ఒక థర్మామీటరు, గోడ మీద ఈ సూచనల కాగితం, దాని కింద ఒక ఫోన్ నంబరు ఉండాలి.

మూడోది ఇంటి సేవ. రైల్స్ ట్యూబులో (ముక్కు గొట్టంలో) జావ పోసేటప్పుడు తల ఎత్తు పెట్టాలి, పోసిన తర్వాత కూడా అరగంట అలాగే కూర్చోబెట్టాలి, గొట్టాన్ని నీళ్ళతో కడగాలి. పుండు వాసన వస్తుందని మనిషిని పశువుల పాకలోకి మార్చిన ఇళ్ళు చూశాం. ఉప్పు వేసి కాచి చల్లార్చిన నీళ్ళతో కడిగి, డాక్టరు సలహా మీద మెట్రోనిడజోల్ మాత్రల పొడి చల్లితే ఆ వాసన చాలా తగ్గుతుంది. అంత చవక మందుతో ఆ మనిషి మళ్ళీ వసారాలోకి, మనవల మధ్యకు వస్తాడు. ఆయాసం వచ్చినప్పుడు ముందుకు వాలి దిండు మీద చేతులానించి కూర్చోవడం, కిటికీ తెరవడం, ముఖానికి విసనకర్రతో గాలి తగలనివ్వడం నేర్పాలి. ఇవి చూడటానికి చిన్నవి, అయినా ఊపిరాడక కంగారు పడే మనిషికి ధైర్యమిచ్చేవి.

నాలుగోది తిండి. మన ఇళ్ళలో జబ్బు అనగానే పథ్యం మొదలవుతుంది. గుడ్డు మానిపిస్తారు, పెరుగు మానిపిస్తారు, వంకాయ, మాంసం మానిపిస్తారు. చివరికి బరువు తగ్గిపోతున్న మనిషికి మిగిలేది చారన్నం. నోటికి రుచించింది, మింగగలిగింది, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టమని చెప్పాలి. చివరి రోజుల్లో ఆకలి పోవడం జబ్బు లక్షణమనీ, బలవంతాన కుక్కితే ప్రేమ కాస్తా హింస అవుతుందనీ కూడా చెప్పాలి.

అయిదోది ఓపిక పొదుపు. తలస్నానం ఒకరోజు, ఆస్పత్రి ప్రయాణం మరోరోజు పెట్టుకోవాలి. ఉన్న శక్తిని దేనికి ఖర్చు పెట్టాలో రోగినే అడగాలి. కొందరు గుడికి వెళ్ళాలంటారు, కొందరు మనవరాలికి జడ వేయాలంటారు. ఆ జవాబును బట్టే మిగతా రోజు ప్రణాళిక.

నేర్పే పద్ధతీ ముఖ్యమే. ‘అర్థమైందా?’ అని అడిగితే అందరూ తలూపుతారు. ‘ఇంటికెళ్ళాక ఈ మాత్ర ఎప్పుడెప్పుడు వేసుకుంటావు పెదనాన్నా, నువ్వే చెప్పు’ అని అడగాలి. తప్పు చెబితే మనం చెప్పిన తీరు మార్చుకోవాలి. చదువురాని వాళ్ళకు పొద్దు, మధ్యాహ్నం, రాత్రి బొమ్మలు గీసి ఇవ్వాలి. ఉట్నూరు నుంచి వచ్చిన గోండు మనిషికి గోండిలో, పాతబస్తీ నుంచి వచ్చిన అమ్మకు ఉర్దూలో, తండా నుంచి వచ్చినవాళ్ళకు లంబాడీలో చెప్పించాలి.

4. నిజం దాచిన చోట నేర్పడం కుదరదు

‘పెద్దాయనకు చెప్పకండి సిస్టర్, తట్టుకోలేడు’ అని వరండాలో మా చేతులు పట్టుకునే కొడుకులుంటారు. వాళ్ళది ప్రేమేనని మాకు తెలుసు. కానీ తనకున్నది ఏ జబ్బో తెలియని మనిషి దాన్ని ఎలా చూసుకుంటాడు? కీమో ఎక్కించుకుని, కరెంటు (రేడియేషన్) పెట్టించుకుని, పక్క మంచాలు చూసినవాళ్ళలో చాలామందికి లోపల తెలిసే ఉంటుంది. ఇంట్లోవాళ్ళ కోసం వాళ్ళూ తెలియనట్టే ఉంటారు. ఒకే ఇంట్లో అందరూ ఒంటరివాళ్ళవుతారు.

మా నియమం ఇది. అడగని నిజాన్ని ఎవరి మీదా రుద్దం. అడిగిన మనిషికి అబద్ధం చెప్పం. ‘మీ జబ్బు గురించి మీకేం చెప్పారు? ఇంకా తెలుసుకోవాలని ఉందా?’ అన్న రెండు ప్రశ్నలు ప్రతి రోగినీ అడుగుతాం. జవాబును డాక్టరుకు చేరవేసి, కుటుంబాన్ని కూర్చోబెట్టి మాట్లాడతాం.

5. దీన్ని సాకుగా వాడనివ్వం

స్వీయ నిర్వహణ పేరుతో మంచాలు ఖాళీ చేయించి ‘మీరే చూసుకోండి’ అనే రోజు రాకూడదు. మందు లేకుండా, ఫోన్ ఎత్తే మనిషి లేకుండా రోగికి బాధ్యత అప్పజెప్పడం వదిలించుకోవడమే. ఇంటి పని మోసేది ఎక్కువగా భార్యలూ, కోడళ్ళూ, కూతుళ్ళూ. కూలి మానుకుని, చదువు మానుకుని సేవ చేస్తున్నారు. వాళ్ళ నడుం నొప్పినీ, నిద్రలేమినీ కూడా కేసు షీటులో రాయాలి. ఇంకొక మాట: ఈరోజు నా వల్ల కాదు, మీరే చూడండి అనే హక్కు రోగికి ఉంది. ఆ రోజు చూసే బాధ్యత మాది.

6. మా డిమాండ్లు

ఒకటి, ప్రతి క్యాన్సర్ ఓపీలో రోగులకూ కుటుంబాలకూ నేర్పడమే డ్యూటీగా ఉన్న నర్సు పోస్టు ఉండాలి. ఆ నర్సును మూడు నెలలకోసారి వేరే వార్డుకు మార్చకూడదు. ముగ్గురు కూర్చుని మాట్లాడుకునే గది ఇవ్వాలి.

రెండు, నర్సు నేర్పిన విషయాల కాగితం రోగి మాట్లాడే భాషలో, ఫోన్ నంబరుతో సహా చేతిలో పెట్టనిదే డిశ్చార్జి పూర్తయినట్టు లెక్కించకూడదు. ఆరోగ్యశ్రీ వంటి ప్రభుత్వ పథకాల ప్యాకేజీల్లో ఈ పనికి చోటు కల్పించాలి.

మూడు, నోటి ద్వారా వేసుకునే మార్ఫిన్ ప్రతి జిల్లా ఆస్పత్రిలో ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పెట్టిన చిక్కుముడిని 2014 సవరణ చాలావరకు విప్పింది. గుర్తింపు పొందిన వైద్య సంస్థ అవసరమైన మందు నిల్వ చేసుకునే దారి ఇప్పుడు ఉంది. గుర్తింపు తీసుకోని ఆస్పత్రులకు ఇక సాకు లేదు.

నాలుగు, ఉగాండాలో శిక్షణ పొందిన నర్సులు 2004 నుంచి నోటి మార్ఫిన్ రాస్తున్నారు. మన చట్టంలో ఆ వీలు లేదు. ఇక్కడా ఈ చర్చ మొదలుకావాలి. అంతవరకు డాక్టర్లు రాతపూర్వకంగా నిర్ణయించిన హద్దుల్లో మోతాదు సర్దే అధికారం, విరేచనాల మందు మొదలుపెట్టే అధికారం శిక్షణ పొందిన నర్సుకు ఇవ్వాలి.

అయిదు, 1993లో కోళికోడ్‌లో మొదలైన పాలియేటివ్ సేవ కేరళలో పంచాయతీల దాకా పాకింది. 2008లో ఆ రాష్ట్రం ప్రత్యేక విధానమే ప్రకటించింది. అక్కడ నర్సు ఇంటి గడప తొక్కుతుంది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలోనూ, తెలంగాణ జిల్లా కేంద్రాల్లోనూ ఆ బాటలో పని జరుగుతోంది. అది రెండు రాష్ట్రాల్లో ప్రతి మండలానికీ చేరాలి. ప్రాథమిక ఆరోగ్య సేవల జాబితాలో కేంద్రం పాలియేటివ్ కేర్‌ను 2018లోనే చేర్చింది. ఎంఎల్‌హెచ్‌పీలకూ (పల్లె ఆరోగ్య కేంద్రాల మధ్యస్థాయి వైద్య సిబ్బందికీ), ఏఎన్ఎంలకూ, ఆశా కార్యకర్తలకూ దీనిలో చేసి చూపే శిక్షణ ఇవ్వాలి.

ఆరు, నర్సింగ్ విద్యార్థుల క్లినికల్ పోస్టింగులో ముదిరిన క్యాన్సర్ రోగుల ఇళ్ళకు వెళ్ళడం తప్పనిసరి కావాలి. పుస్తకంలో చదివిన పాలియేటివ్ కేర్ పరీక్ష హాలు దాటి రావడం లేదు.

7. ఎవరి కోసమూ ఆగకుండా మేం చేసేది

ప్రభుత్వం జీవో ఇచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోం. మార్ఫిన్ మొదలుపెట్టిన ప్రతి రోగికీ గడియారం ప్రకారం వేసుకోవడం, పడుకునే ముందు మోతాదు, నొప్పి పొడుచుకొస్తే అదనపు మోతాదు, విరేచనాల మందు అన్న నాలుగు ముక్కలూ తప్పక చెబుతాం. ప్రతి షిఫ్టులో కనీసం ఒక రోగి చేత తన మందుల లెక్క తిరిగి చెప్పించుకుంటాం. ఎంతమందికి ఏం నేర్పామో సొంత పుస్తకంలో రాసుకుంటాం, ఏడాది చివర ఆ లెక్కను అధికారుల ముందు పెడతాం. రోగి ఊరి ఏఎన్ఎం ఫోన్ నంబరు కనుక్కుని, డిశ్చార్జి రోజునే ఆమెకు కబురు చేస్తాం. తెలుగు, ఉర్దూ, గోండి, కోయ, లంబాడీ భాషల్లో చిన్న చిన్న ఆడియోలు చేసి పంచుతాం. ఏ మాట రోగులకు అర్థమైందో, ఏది కాలేదో చెప్పడానికి క్యాన్సర్‌తో బతుకుతున్నవారినే మా కమిటీల్లో సభ్యులుగా తీసుకుంటాం. మంచాలకూ నర్సులకూ మధ్య ఉండాల్సిన నిష్పత్తి అమలయ్యేలా నర్సుల సంఘాలతో కలిసి పోరాడతాం. ముప్ఫై మంది రోగుల్ని ఒక్కతే చూసే రాత్రి డ్యూటీలో ఎవరికీ ఏదీ నేర్పలేమని మాకు బాగా తెలుసు.

8. పిలుపు

తోటి నర్సులారా, సిస్టర్ అని పిలిచి రోగి మొదట అడిగేది మనల్నే. డాక్టరుగారి ముందు నోరు పెగలని మాట మన ముందు బయటికొస్తుంది. ఆ నమ్మకానికి తగిన పని చేద్దాం.

డాక్టర్లకు మనవి. నర్సు నేర్పే అరగంట మీ వైద్యాన్ని ఇంటిదాకా తీసుకెళ్తుంది. రౌండ్లలో మాకు మాట్లాడే చోటివ్వండి.

బ్రిటన్‌లో, గల్ఫ్‌లో, అమెరికాలో పనిచేస్తున్న తెలుగు నర్సులారా, అక్కడ మీరు రోజూ చేస్తున్న బోధన పద్ధతుల్ని ఇక్కడి పిల్లలకు నేర్పడానికి నెలకో గంట ఇవ్వండి.

క్యాన్సర్‌తో బతుకుతున్నవారికీ, వారి కుటుంబాలకూ ఒక మాట. ఈసారి ఆస్పత్రికి వచ్చినప్పుడు మందుల సంచీతో పాటు మీ ప్రశ్నలు కాగితం మీద రాసుకుని తీసుకురండి. ఎదురుగా ఉన్న నర్సును ‘ఇది నాకు నేర్పండి’ అని అడగండి. తీరిక లేదని ఎవరన్నా అంటే, ఆ సంగతి ఆస్పత్రి పెద్దలకు రాతపూర్వకంగా ఇవ్వండి. నేర్చుకోవడం మీ హక్కు, నేర్పడం మా డ్యూటీ. ఆ డ్యూటీకి వేళ, చోటు, గుర్తింపు సాధించేదాకా ఈ ఉద్యమం నడుస్తుంది. కలిసి రండి.